తూము

మా వైపు రాయి అంటే రుబ్బురోలు,
కాకపోతే పొలం సరిహద్దు.
మూడడుగులు తవ్వితే నీళ్ళు.
ఈ నేల మీద నన్ను కొండ గీయమన్నారు,
ఒక ఎలుగుబంటి కోసం.

ఆలమూరు అవతల, కాలవగట్టు పక్క,
మొన్నటిదాకా స్వర్ణ పండిన ఎకరం పాతిక.
ఇనప చువ్వలొద్దు, పొడి కందకం చాలన్నాను.
తవ్వించాను.
తెల్లారేసరికి అందులో కప్పలు, ఒక కొరమేను పిల్ల,
గేదెని దింపచ్చా అని అడుగుతూ ఒక కుర్రాడు.
కాగితం మీద ‘పొడి’ కొట్టేసి
గట్టు ఎత్తు పెంచాను.

రాళ్ళు కోరుకొండ నుంచి, పద్నాలుగు లారీలు.
మొక్కలు కడియం నుంచి.
నర్సరీ ఆయన గులాబీలు కూడా వేసుకోమన్నాడు,
చూడ్డానికొచ్చేవాళ్ళకి బాగుంటాయని.
నేరేడు, రేల, మేడి, మూడు ఇప్ప మొక్కలు తీసుకున్నాను.
ఇప్ప ఈ బురదలో బతకదన్నాడు.
ఒకటి బతికింది.

చాలని కొండకి సిమెంటు.
మేస్త్రి యడ్ల సత్తిరాజు
నలభై ఏళ్ళు వాటర్ ట్యాంకులు కట్టినవాడు.
“కొండ కట్టేత్తానండి, ఆయ్.
ఎలుగ్గొడ్డు నమ్ముద్దా అని.”

పుట్ట కూడా కట్టాడు.
లోపల గొట్టాలు, గొట్టాల చివర తేనె,
దొరికిన రోజు చెదపురుగులు.
మూతి గరాటు చేసి పీల్చుకోడానికి
వేలెడు వెడల్పు కన్నాలు.
నాగులచవితినాడు పొద్దున్నే వెళితే
పుట్టకి పసుపు, పక్కన చిమ్మిలి ఉండలు,
గొట్టాల నిండా పాలు.
సత్తిరాజు నా వంక చూడలేదు.
“సిమెంటని చెప్పానండి మా ఆడోళ్ళకి. వింటేనా.”
పోనీ, ఒకరైతే నమ్మారు.

మాఘమాసంలో ఒక రాత్రి, లారీలో, లాలీ వచ్చింది.
ముక్కు మీద తాడు తీసిన కన్నం, పూడీ పూడక.
కోరలు ఎవరో పీకేశారు.
పదేళ్ళు ఊరూరా ఆడి, ఆరేళ్ళు బోనులో.
తలుపు తీశాం.
పదకొండడుగులు నడిచింది.
ఆగింది. తల అటూ ఇటూ ఊపింది.
వెనక్కి పదకొండు.
నా కొండ మొదలయ్యేది పన్నెండో అడుగు దగ్గర.

వేసవంతా అంతే.
అద్దానికి ముక్కులు ఆనించి పిల్లలు
“డాన్సు చేస్తోంది చూడు” అన్నారు.
మారేడుమిల్లి పైనుంచి వచ్చిన కీపరు
పల్లాల లచ్చిరెడ్డి మెల్లిగా అన్నాడు,
“జనం చూసినంతసేపూ దానికిది ఆటే మేడం.”

కొండ వెనక మూలన, కాంట్రాక్టరు వదిలేసిన
మురుగుకాలవ తూము ఒకటి, పగిలింది.
తీసెయ్యమని మూడు ఉత్తరాలు రాశాను.
అతని బిల్లు పాసవలేదు, తూము కదల్లేదు.

తొలకరి పడ్డ తెల్లారి లాలీ కనపళ్ళేదు.
గట్టు చూశాం, కందకం వెతికాం.
సత్తిరాజు తన కొండని తట్టి చూశాడు, ఎక్కడైనా డొల్ల ఉందేమోనని.
అది తూములో ఉంది.
ఎండుగడ్డి ఈడ్చుకుపోయి పరుచుకుని,
పంజా చప్పరిస్తూ,
దూరంగా ఇంజనుబోరు ఆడుతున్నట్టు లోపల ఒక రొద.
పన్నెండో అడుగు ఎప్పుడు వేసిందో
ఎవరూ చూడలేదు.

నయమైందని నేననను.
సాయంత్రాలు ఇప్పటికీ పదకొండే.
ఆదివారాలు జనం కౌంటరు దగ్గర దెబ్బలాట,
ఎలుగేదండీ, మా టికెట్టు డబ్బులిచ్చెయ్యండి.
పైనుంచి నాకు ఒక కాగితం వచ్చింది:
తూము తొలగించి, జంతువు కనపడే ఏర్పాటు చేయవలెను.

రాత్రి కూర్చుని డ్రాయింగు మళ్ళీ గీశాను.
కొండ వెనక ఒక గుండ్రం చుట్టి రాశాను,
‘తూము. మూడున్నర అడుగుల వ్యాసం. పగిలినది.
ఉన్నచోటే ఉంచవలెను.’
ఖరీదు గడిలో ఏం రాయాలో తెలీలేదు.

సత్తిరాజు తాపీతో వచ్చాడు,
పగులు పూడ్చమంటారా అని.
లచ్చిరెడ్డి వద్దన్నాడు.
అందులోంచే అది కాలవ చూస్తుందట.