తాపీ

చీమకుర్తి హైస్కూలు, ఎనిమిదో తరగతి గది.
కిటికీలకు సిమెంటు సంచులు కట్టి
చీకటి చేశారు మాలకొండయ్య సారు.

గోడ మీద సినిమా.
"గురువుగారి మొహం చూపించరేం సార్?"
"చూపించకూడదంటరా. ఆ వెలుగు చూడు, చాలు."

మూడో బెంచీలో తేగ్‌బీర్.
వాళ్ల నాన్న క్వారీలో పొక్లెయిన్ తోల్తాడు.
నెత్తి మీద ఆ ముడి చూసి
టెంకాయ అని పేరు పెట్టింది నేనే.
శనివారం కొడదామా అని కూడా అన్నా.

తెర మీద ఇద్దరు పిల్లోళ్లు.
చిన్నోడిది మా చెల్లి వయసు.
మతం మార్చుకోమన్నారు. ఊహూ.
చుట్టూ గోడ లేస్తోంది
మోకాళ్ల దాకా
నడుం దాకా
అందరి కళ్లూ పిల్లోళ్ల మీదే,
నావి మాత్రం తాపీ పట్టిన చేతి మీద.
ఇటిక మీద రెండుసార్లు తట్టి
పొంగిన మాలు గీకి తీసి
అచ్చం మా నాన్న లాగే.
ఆ మేస్త్రీకి సినిమాలో పేరు లేదు.

లైట్లేశారు.
తేగ్‌బీర్ ఏడవలేదు.
ముడి మీది నల్లగుడ్డ సర్దుకుని
"మా నానమ్మ చెప్పేటప్పుడు
గోడ ఇంకా మెల్లగా లేస్తది" అన్నాడు.

పేరు పెట్టి పిలుద్దామనుకున్నా మొదటిసారి.
నోరు తిరక్క
తీగబీర అని వచ్చింది.
అయినా పలికాడు.

సాయంత్రం పంపు దగ్గర నాన్న.
"నువ్వైతే కడతావా?"
కథంతా విన్నాడు.
కడిగిన తాపీనే మళ్లీ కడిగాడు.
చాలాసేపటికి, నా వైపు చూడకుండా,
"ఆ రోజు కూలి తీసుకున్నాడంటరా, వాడు?"