పన్నెండు బొత్తాలు

నీ మొహం నాకు కంఠతా వచ్చు, ఎర్సీలియా.
తొమ్మిదేళ్లు, వారానికి ఆరు రాత్రులు,
తూరిన్‌లో, పో నది పక్క సందులో,
వానొస్తే కారే సినిమా హాల్లో
తెర కింద ఎడమ వైపు కూర్చుని
మెడ పైకెత్తి పియానో వాయించినదాన్ని.
ఇప్పటికీ చలికాలం నా మెడ ఆ వైపుకే పట్టేస్తుంది.

బెర్తొల్లా కాలవల్లో
ఊరి దుప్పట్లు ఉతికినామె కూతురివని
అప్పుడెవరికీ తెలీదు.
పత్రికలవాళ్లు నీకో రష్యన్ అమ్మమ్మని కుట్టిపెట్టారు,
చిరుగు కనబడకుండా అతుకేసినట్టు.

మొదటి బొమ్మలో నీకు పనేమీ లేదు.
కిటికీ పరదా పట్టుకుని నిలబడాలి, అంతే.
పరదా జారింది.
దానితోపాటు నువ్వూ జారావు.
నేల చేరడానికి నీకెంతసేపు పట్టిందో
నా ఎడమ చేతినడుగు:
పదకొండు మెట్లు దిగింది, ఆగి ఆగి.
హాల్లో ఎవరూ దగ్గలేదు.

ఆపైన ఊరు ఊరంతా నీలాగే పడిపోవడం.
దర్జీలు నీ భుజం వంపుకి కొలతలు మార్చారు.
గుమాస్తాల పెళ్లాలు కాఫీ హోటల్లో
కుర్చీ వీపు పట్టుకుని కళ్లు అరమోడ్చేవాళ్లు,
బిల్లు వచ్చేదాకా.
మా వీధి రొట్టెలవాడు మెలితిప్పిన బన్నుకి నీ పేరు పెట్టి
ఓ కాసు ఎక్కువ గుంజాడు.
మా అన్న ఒరెస్తె యుద్ధానికి పోతూ
నీ ఫొటో జేబులో పెట్టుకున్నాడు.
ఫొటో తిరిగొచ్చింది.

నీది పతనం అంటారు గానీ,
పడడం నీ విద్యే కదా, ఎవరు నేర్పాలి నీకు?
ఈసారి కింద పరుపు వెయ్యలేదు, అంతే.
సముద్రం అవతలి నుంచి బొమ్మలొచ్చాయి.
వాటిల్లో ఆడపిల్లలు జుట్టు కత్తిరించుకుని
కదిలే రైళ్ల మీద పరిగెత్తేవాళ్లు.
జనానికి తొందర రుచి తెలిసింది.

ఆ శీతాకాలం నీ కొత్త బొమ్మ.
ఉత్తరం చదివావు. మడిచావు. మంటలో వేశావు.
గోడ పట్టుకుని మెల్లగా, చాలా మెల్లగా
వాలిపోతుంటే
వెనక బెంచీ నుంచి ఓ కుర్రాడు
"త్వరగా చావమ్మా, ఆఖరి ట్రాము పోతుంది!" అన్నాడు.
హాలంతా ఒకటే నవ్వు.
నేను,
నిజం చెప్తున్నాను, ఎర్సీలియా,
నేను లయ తొందర చేశాను.
రెండు పేజీల సంగీతం మింగేసి
నిన్ను ముందే చంపేశాను.
పాట అయిపోయింది.
తెరమీద నువ్వింకా నిలబడే ఉన్నావు.

తర్వాత స్టూడియోకి తాళం పడింది.
నీ రీళ్లని బళ్లకెత్తి తోలుకుపోయారు.
వెండి కోసం కడిగారని,
మిగిలింది కరిగించి దువ్వెన్లు చేశారని విన్నాను.
నేనూ ఒకటి కొన్నాను. వాడలేకపోయాను.
ఇంకొన్నేళ్లకి తెరకే మాటలొచ్చాయి.
నా పియానోని మెట్లమీంచి దించుతుంటే
లోపలెక్కడో తీగ తెగి
ఎవరూ ముట్టకుండానే మోగింది.

నిన్న పోర్తా పలాత్సో సంత వెనక, బొత్తాల కొట్లో,
బల్ల అవతల నువ్వు.
పై అరలోంచి డబ్బా దించుతూ
చెయ్యి గాల్లోనే ఓ క్షణం ఉంచేశావు.
నాకది చాలు.
"ఆరా? డజనా?" అన్నావు.

నీ గొంతు.
బొంగురుగా, పల్లె యాసతో,
చన్నీళ్లలో నానిన చేతుల్లాంటి గొంతు.
ఇన్నాళ్లూ దీన్నా నేను
పట్టు చీర జారినట్టు వాయించింది?
మొదట్నుంచీ తప్పు శ్రుతే.

నా కోటుకి కావలసినవి ఆరు.
డజను అన్నాను.
ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టావు, తొందర లేకుండా.
పదకొండో దాన్ని వెలుతురులో తిప్పిచూసి,
బీట ఉందని పక్కనబెట్టి,
మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టావు.
నా వెనక ఎవరో విసుగ్గా కాలు మార్చుకున్నారు.
నేను వేళ్లు బల్లమీద ఆనించి
కదపకుండా ఉంచాను.