పుట్ట ప్లాను

కోల్డ్ స్టోరేజీ ఓనరు వీరరాఘవయ్య గారు
కరెంటు బిల్లు నా బల్ల మీద పెట్టి
చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు.
"మిరపకాయని చల్లగా పడుకోబెట్టడానికి
నేను నిద్ర మానేశాను తల్లీ.
ఆ మూల ఖాళీ షెడ్డు నీకిస్తున్నా,
పాడు చేస్తే చెయ్యి."

రోళ్లు పగిలే రోహిణి కార్తె.
గుంటూరులో నీడక్కూడా చెమట పడుతుంది.
ఆ మధ్యాహ్నం పత్తిపాడు రోడ్డున
చిల్లచెట్ల మధ్య ఓ పుట్ట కంతలో
పాముంటుందని డ్రైవరు కేకలేస్తున్నా
మోచేతి దాకా చెయ్యి పెట్టాను.
బావి అడుగు మట్టి
వేళ్లు పట్టుకుని పలకరించినట్టుంది.

బొట్లు పెట్టిన పుట్టను ముట్టుకోలేదు.
వానకి ఒరిగి, చెదలు వదిలేసి పోయినదాన్ని
రైతునడిగి తెచ్చుకుని
నిలువునా రంపంతో కోశాం.
లోపల ఒక ఊరు:
సందులు, మేడలు, పైకి పోయే గొట్టాలు.
కళ్లు లేని పురుగు కట్టిన ఊళ్లో
ఒక్క దారీ గోడకి కొట్టుకోలేదు.
"దీనికి ప్లాను పాస్ చేసిందెవరమ్మా?"
అన్నాడు నాగుల్ మీరా మేస్త్రి.

ఇటుకలో ఏముందంటే
పేరేచర్ల ఎర్రమన్ను, గుల్ల సున్నం, మిల్లు ఊక,
యార్డులో కుప్పలుగా ఊడ్చి పారేసే మిరప తొడిమలు.
అవి తీసింది శేషారత్నం వాళ్ల ముఠా.
రాత్రుళ్లు చేతులు మజ్జిగలో ముంచితే గానీ
అన్నం కలుపుకోలేని ఆడవాళ్లు.

మొదటి గోపురం నా సిగ్గు తీసింది.
ఊపిరి ఆడుతోందో లేదో చూడ్డానికి
మీరా దర్గాలో తిప్పే ధూపం పళ్లెం తెచ్చాడు.
నేల కంతలోంచి పైకి పోవాల్సిన సాంబ్రాణి పొగ
సగం దూరం పోయి, ఏదో మర్చిపోయినట్టు
వెనక్కి తిరిగి మా కళ్లల్లోకే వచ్చింది.
పన్నెండు టిక్కీలు బూజు పట్టాయి.
రాఘవయ్య గారు ఏమీ అనలేదు.
ఆ అనకపోవడమే వారం రోజులు నా పక్కన పడుకుంది.

మళ్లీ కోసిన పుట్ట దగ్గర కూచున్నాం.
చూసీ చూసీ మీరాయే అన్నాడు:
"మనం సొరంగాన్ని నున్నగా పూశాం.
పురుగు ఎక్కడా నున్నగా పుయ్యలా.
గరుకుంటేనే గాలి కాసేపు నిలబడి మాట్లాడి పోద్ది."
నలభై ఏళ్లు నున్నగా పూసిన చేత్తో
తాపీ తిరగేసి
లోపలి గోడంతా గీతలు పెట్టాడు.
గొట్టాన్ని రెండు మూరలు ఎత్తాం.
తూర్పు కంతలు మూసి పడమర కొత్తవి తీశాం.

తేజ రకం లోడు దిగిన రోజు
రెండు గంటల వేళ, ధూపం వెలిగించక ముందే
బయట బడ్డీకొట్టువాడు తుమ్మాడు.
తర్వాత ఆటోలో ముసలాయన.
తర్వాత ట్యూషన్ నుంచి వస్తున్న పిల్లలు, వరసగా.
తుమ్ము తుమ్ముకీ "చిరంజీవ" అనే ఓపిక లేక
వీధి వీధంతా ముక్కులు పట్టుకుని
మా షెడ్డు నెత్తి వైపు చూసింది.
షెడ్డు ఊపిరి వదులుతోంది!
మీరా ముక్కు చీదుకుంటూ నవ్వాడు.
"మిషనెందుకమ్మా, వీధే మీటరు."

ఇంకా రెండు డిగ్రీలు దిగాలి.
తలుపు చట్రానికి అప్పుడే చెద పట్టింది,
అసలు వాళ్లు వడ్డీ వసూలుకి వచ్చినట్టు.
వీధివాళ్లు అర్జీ రాస్తున్నారట.

సాయంత్రం లెక్కలు రాసుకుంటుంటే
లోపల నేల కంత దగ్గర ఎవరో వంగి ఉన్నారు.
శేషారత్నం.
రెండు అరచేతులూ బోర్లించి
కిందనుంచి వచ్చే చల్లగాలికి ఆనించి
కళ్లు మూసుకుని ఉంది, మంట దిగేదాకా.

"ఇట్టాంటి కంత ఒకటి
మా రేకుల గదికి పెట్టగలవా అమ్మాయ్?
పదడుగులే."

ఎన్ని టిక్కీలకి ఎంత గాలి కావాలో
నా కాయితాల్లో ఉంది.
ఆ పదడుగుల గది ఎక్కడా లేదు.
కాయితం వెనక్కి తిప్పి
"ఎంతమంది నిద్రపోతారు అందులో?" అన్నాను.
"ఉండేది ఆరుగురం," అంది,
"నిద్రపోయేది వేరే లెక్క."

ఆరు అని రాసుకున్నాను.