అనుబంధం – 3

గైడుగారు రెజిలియన్స్ అన్నారు,
తెలుగులో ఏమంటారో నువ్వే వెతుక్కో అన్నారు.
చేపాక్ లైబ్రరీ రెండో అంతస్తులో
కిటికీ తెరిస్తే సముద్రపు జిగట పేజీలకంటుతుంది.
అక్కడే చదివాను,
అమెరికా దక్షిణాన ఎక్కడో నల్లజాతి పంతులమ్మలు
తెల్లపిల్లలు వాడి పారేసిన పుస్తకాలకి
మైదాపిండి అంటించి పాఠం చెప్పిన సంగతి.
నిఘంటువు ఇచ్చిన మాట రాసుకున్నాను: స్థితిస్థాపకత.
ప్రశ్నలు ఇరవై రెండు.
ఒక్కోదానికీ ఒకటి నుంచి ఐదు దాకా గళ్ళు.

పులియంతోపు, హౌసింగ్ బోర్డు మూడో మేడ.
సుగుణరత్నం టీచర్‌కి డెబ్భై ఆరు.
కార్పొరేషన్ తెలుగు బడిలో ముప్ఫై మూడేళ్ళు.
కాగితాలు అందుకుని, కళ్ళజోడు పైటకి తుడుచుకుని
ముందుగా ఎర్ర పెన్ను అడిగింది.
"ఉపాధ్యాయులని రాస్తూ ధ కింద వత్తు మింగేశావేం?"

తరవాత నా మాట దగ్గర ఆగింది.
"ఇది ఎనిమిదో తరగతి సైన్సు కదుటే,
రబ్బరు బ్యాండు పట్టుకుని నేనే చెప్పాను.
లాగితే సాగాలి, వదిలితే మొదటి ఆకారానికి రావాలి.
నేనెప్పుడొచ్చాను మొదటి ఆకారానికి?
అది ఎలా ఉండేదో చూసినవాళ్ళు కూడా పోయారు."

పోనీ ఓర్పు అని రాయనా టీచర్?

"ఓర్పు గొడ్డుకుంటుంది.
నాకు రావాల్సిన ఇంక్రిమెంటు రాలేదు, కోర్టుకెళ్ళాను.
అది రాయి."

చేరిన కొత్తలో స్టాఫ్ రూం కుండ మీద గ్లాసుండేదట.
నెల తిరక్కుండా మాయమైంది.
ఎవరి బీరువాలో వాళ్ళ గ్లాసు వాళ్ళు దాచుకున్నారని
ఆయా చెబితే తెలిసింది.
ఆ శనివారం మూర్ మార్కెట్లో ఇంకో కుండ కొని
తన క్లాసులో పెట్టింది.
నలభై మంది పిల్లలు, ఒకటే గ్లాసు.
"ఏప్రిల్ రెండో వారం డ్రిల్లు మాస్టారొచ్చి తాగాడు.
మిగతావాళ్ళు రాలేదు."
ఎప్పటికి వచ్చారు టీచర్?
"రాలేదన్నాను కదా."

అప్పుడే బేసిన్ బ్రిడ్జి వైపు గూడ్సు బండి కదిలింది.
రికార్డర్లో నాలుగు నిమిషాలు అదే చప్పుడు,
దాని అడుగున ఎవరో నీళ్ళు తాగుతున్నట్టు.
అది ఎలా రాయాలో పద్ధతి పేపర్లో చెప్పలేదు.

అట్టలకి పిండి రాసిన పంతులమ్మల కథ చెప్పాను.
కళ్ళు మూసుకుని వింది.
"వాళ్ళ కుండ ఎక్కడుండేది?"
పుస్తకంలో లేదు టీచర్.
"అయితే రాసినవాళ్ళు అడగలేదు.
నువ్వూ అడగలేదనుకో, నేనే చెప్పాను.
ఇరవై మూడో ప్రశ్న వేసుకో."

తెలుగు సెక్షను మూసేనాటికి పదకొండు మంది.
నలభై ఏడేళ్ళ వయసులో తమిళ వాచకం కొనుక్కుని
పక్కింటి రెండో తరగతి పిల్లాడి దగ్గర కూర్చుని
దిద్దింది. వాడికి రోజూ ఒక కమ్మర్‌కట్టు ఫీజు.
ఇది చెబుతూ నవ్వింది, ఆ ఒక్కసారే.

చెప్పులు వేసుకుంటుంటే అడిగింది
మీ అమ్మెవరని.
కస్తూరి, గేటుకవతల రెండో వీధి.
"మునుసామి కూతురా!
ఏడో ఎక్కంలో ఏడెనిమిదుల దగ్గర ఆగిపోయింది.
రేపు చెబుదువులే, కూర్చో అన్నాను.
మర్నాడు రాలేదు. ఇంటికెళితే
పనిలో పెట్టేశామన్నారు.
నీ గళ్ళున్నాయి కదా,
దీనికి నేనెంత వేసుకోవాలో నువ్వు చెప్పు."

గళ్ళన్నీ ఖాళీగానే తిరిగొచ్చాయి,
తప్పులు మాత్రం పదహారు దిద్ది ఉన్నాయి.

గైడుగారికి సమాధానాలు కావాలి.
సృజనాత్మక రచన అయితే అనుబంధంలో పెట్టుకోవచ్చట,
మార్కులుండవు.
అందుకే ఇది ఇక్కడుంది.

ఆ రాత్రి అమ్మ డ్యూటీ నుంచి వచ్చి
కుళాయి కింద మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటోంది.
ఏడెనిమిదులెంతమ్మా అన్నాను.
వెనక్కి తిరగలేదు, నీళ్ళూ కట్టలేదు.
"యాభై ఆరు.
ఆ సాయంత్రమే వచ్చేసింది నాకు.
చెప్పడానికి బడికెళ్ళలేదు, అంతే."