పావుకు పోగు తక్కువ

పదకొండేళ్లు నేను ఎడమచేతులే కుట్టినాను.
కంపెనీలో. గంటకు తొంభై.
చొక్కా మొత్తంగా ఎట్టుంటుందో
మా ఆయన తొడుక్కుంటేనే చూసేది.

కంపెనీకి తాళం పడినాక
చిత్తూరు సంతపేటలో దస్తగిరమ్మ బొంతల అంగడికి పోయినాను.
అంగడంటే మెట్ల కింద ఒక మిషను,
నగరి మగ్గాల తుంటగుడ్డలు మూడు గోతాలు.
దూదేకులోళ్ల ఇల్లది. ఏకే విల్లు అటక మీదుంది,
నారి లేదు.

మొదటిరోజు ఎనిమిది ముక్కలు కలిపేసినాను
టీ కాగేలోపల.
ఆమె మెచ్చుకోలేదు.
తన వరస పక్కన నా వరస పరిచింది.
గోరంత తక్కువ.
"ఎనిమిది ముక్కలకు ఏడు కుట్లు మే.
కుట్టుకు రెండు పక్కలు.
పక్కకొక పోగు తిన్నావు.
పద్నాలుగు పోగులు యాడికి పోయినాయి?"
లాగి సరిపెడతానన్నాను.
"ఈపొద్దు సరిపోతాది.
ఉతికిన్నాడు బూరె మాదిరి పొంగుతాది."
సగం బ్లేడు చేతికిచ్చింది.

కుట్టడం కన్నా విప్పడం నిదానం.
మూడు కుట్లకొకటి తెంపి
వెనక దారం లాగితే
చీమలబారు చెదిరినట్టు వచ్చేస్తుంది.

ఆ తర్వాత నేర్పింది.
సూది పక్కన పలక మీద ప్లాస్టరు పట్టీ అంటించి
గుడ్డ అంచు దాన్ని తాకీ తాకనట్టు పోవాలని.
పావంగుళమంటే పావంగుళం కాదని,
మడత తిరిగేచోట గుడ్డ తనకోసం రవంత దాచుకుంటుందని,
అందుకే ఎప్పుడూ
పావుకు పోగు తక్కువ.
పై వరస కుట్లు కుడికి, కింది వరసవి ఎడమకు
ఇస్త్రీ నొక్కితే
నాలుగు మూలలు కలిసేచోట
గట్టూ గట్టూ ఒరుసుకొని ఆగుతాయని.
"కంటితో చూడొద్దు. వేళ్ల మధ్య నలుపు.
మిట్టా పల్లం తగలకపోతే కుదిరినట్టే."

కంటితో చూడొద్దనడానికి
ఇంకో కారణం ఉందని అప్పట్లో నాకు తట్టలేదు.

మామిడికాయల లారీలు రాత్రంతా పోయే నెలలో
కుసుమకుమారి వచ్చింది, డ్రైవరు పెండ్లాం,
మొగుడి ఖాకీ చొక్కాలు తొమ్మిది, తన చీరలు రెండు పట్టుకోని.
లారీ క్యాబిన్లో పరుచుకోను బొంత కావాలంట.
అన్ని చొక్కాలూ ఒకేసారి చూసి నా గుండె గుబేలుమనింది.
"అదేం లేదక్కా, లావైనాడు" అనింది.

దస్తగిరమ్మ కోసింది. నేను కుట్టినాను.
వరస గోరంత ఎక్కువొచ్చింది.
విప్పినాను. కుట్టినాను. మళ్లీ గోరంతే.
అట్టముక్క పెట్టి కొలిస్తే
ముక్కలే పెద్దవి.
సుద్దగీతకు అవతల, అన్ని అంచుల్లోనూ,
ఒక పోగు వారన నడిచిన కత్తెర.

ఏమీ అనలేదు.
ప్లాస్టరు పట్టీ పీకి
ఒక పోగు దూరం జరిపి అంటించినాను.
ప్రతి కుట్టూ ఒక పోగు ఎక్కువ మింగింది.
ఖాకీ, చీర, చీర, ఖాకీ
నాలుగు మూలలూ ఒకే చుక్కలో నిలబడినాయి.

మూడోనాడు పొద్దుగూకే వేళ
ఆమె బొంత తిరగేసి
కుట్టు వెంబడి బొటనగోరు నడిపింది.
ఆ చివరిదాకా పోయి, వెనక్కొచ్చింది.
"పోగు ఎక్కువ తిన్నావే" అనింది.
"చెయ్యి జారిందమ్మా."
"ఏడు కుట్లూ ఒకే మాదిరి జారేదా?"
నేను బాబిన్ వెతుకుతున్నట్టు వంగినాను.

పలక మీద పట్టీని తడిమింది.
గోటితో లేపి, పాతచోట అంటించి
వేలితో రెండుసార్లు ఒత్తింది.
తర్వాత కత్తెర నావైపు తోసింది.

బరువు. పిడికి చుట్టిన పేలిక
ఆమె బొటనవేలికే అరిగి ఉంది,
నా వేలు అందులో వదులుగా తిరిగింది.
ఇంకా రెండు చొక్కాలున్నాయి,
ఒకదాని జేబులో టోలుగేటు చీటీ.
సుద్దతో గీత గీసి అడిగినాను,
గీత మీద కొయ్యాలా, పక్కనా?

"లోపక్కన" అనింది, సూదీ దారం నాకందిస్తా,
"గీతకూ మందముంటాది మే."