లైన్ క్లియర్

పావుకిలోకు ఒక్క గ్రాము తక్కువ.
సోమనర్సయ్య కిరాణంల చింతపండు జోకే కాంట మీద
పెట్టి మరీ జూసిన.
"గీ తూనీగకు ముప్పై ఆరు వేలా?" అన్నడు
కాంట తుడుసుకుంట.
సైదమ్మ ఏమనలే.
అననిదే ఎక్కువ బరువు.

ఇరవై ఆరేండ్ల సంది కరెంటు పోళ్లెక్కుతున్న.
దేవరకొండల నేనెక్కని పోలు లేదు,
పైకెక్కి ఒక్కనాడు ఊరిని జూడలే.
కండ్లు జంపర్ మీద, కాలు క్రాసార్మ్ మీద,
పానం సబ్‌స్టేషన్ల ఫోను పట్టుకున్నోని చేతిల.
గందుకే కొన్న.
ఎవలన్న అడిగితే మాత్రం
తీగెల మీద కొమ్మలు జూడనీకి అని చెప్పిన.

పెట్టెల కాయితం మూడుసార్లు చదివిన.
ఫోన్ల మ్యాపు తెరిచి ఏడ ఆకుపచ్చనో ఏడ ఎరుపో జూసిన.
రెక్కలకు గీత పడ్డదేమోనని గోటితోని రాసి జూసిన.
మా బామ్మర్ది కొడుకు లోహిత్‌కు ఓపిక లేదు.
"సాగర్ పోదాం మామా, గేట్లెత్తిండ్రు,
డ్యామ్ మీదికెల్లి తీద్దాం!"
వద్దన్న.
"ఖిల్లా మీద?"
వద్దన్న.
"మరెందుకు కొన్నవ్?"

ఎట్ల జెప్పాలె వానికి.
ఇద్దయ్య అని ఒకడుండె నాతోని.
ఎల్‌సీ వచ్చిందనుకొని ఎక్కిండు, కొండమల్లేపల్లి లైన్ల.
ఇచ్చింది ఇంకో ఫీడర్‌కట.
వాని చెప్పులు పోలు కింద జతగనే ఉండె,
ఇగ దిగొస్తడన్నట్టు.
గప్పటి సంది అడగకుండ పైకి పోవుడంటే భయం.
తీగె గానీ, ఒట్టి గాలి గానీ.

మొదటి ఆదివారం పొద్దుగాల ఆరింటికి
మార్కెట్ యార్డు ఎనక బీడుల,
అలవాటు చొప్పున చెప్పులిడిసి, లేపిన.
మొదలు నా నెత్తే కనబడ్డది.
నడిమిట్ల బట్ట.
గీ సంగతి ఇన్నేండ్లు ఎవ్వలు జెప్పలే.
ఇంకొంచెం లేసినంక నా పోళ్లు,
ఇంటిని ఇంటికి దారంతోని కుట్టుకుంట పోయినట్టు,
మసీదు దాకా, మిల్లు దాకా, ఎస్సీ హాస్టల్ దాటి.
గొంతు పట్టేసింది.

గంతల్నే పక్కకు జరిగింది.
జరగలే, నా బొటనవేలే జరిపింది, అబద్ధమెందుకు.
గౌసియా ఆపా డాబా.
తలంటుకొని ఎంటికలారబెడుతున్నది.
తలెత్తింది.
చున్నీ గుంజుకున్నది.
స్క్రీన్ల గా చెయ్యి చీమంత లేదు,
నన్ను మాత్రం పోలు మీదికెల్లి తోసింది.

ఛార్జింగు సగముంటనే దించిన.
ఖాజామియా గుమ్మం ముంగట నిలబడి
తీసింది జూపెట్టి, వాళ్ల ముందట్నే తుడిసేసిన.
కొంచెంసేపు ఎవ్వలం మాట్లాడలే.
గప్పుడు పర్దా ఎనకకెల్లి:
"భయ్యా, మా ట్యాంకు మూత మొన్నటి గాలికి కొట్టుకపోయింది.
గది దొరుకుతదా దీంట్ల?"

దొరికింది.
ఉర్దూ బడి రేకుల మీద, బోర్లపడి.

ఇప్పుడు ముందురోజే వాడంత చెప్పొస్త.
డాబా మీద ఎర్ర తువ్వాల ఆరేస్తే ఇటు రావద్దని,
ఆపా పెట్టిందే గీ గుర్తు.
మూలమీది రిటైర్డ్ హెడ్మాస్టరు
కట్టిన తువ్వాల ఇప్పటిదాకా ఇప్పలే.
ఇప్పకపోనీ.
బరాత్ మీద తిప్పితే ఐదువేలిస్తమని పెండ్లోళ్లొచ్చిండ్రు.
జనం నెత్తి మీద తిప్ప అన్న.
సైదమ్మ గప్పుడు మాట్లాడింది:
"ఐదు వేలు."
గంతే.
ఒకనాడు గద్దొచ్చి దాని సుట్టు ఒక్క సుట్టు తిరిగింది.
గది నాకన్న సీనియరు. దించిన.

రెక్కలు ఆగినంక
నోట్లెకెల్లి దానంతటదే వస్తది: "ఎల్‌సీ రిటన్."
"ఎవలకు జెప్తున్నవ్ మామా?"
లోహిత్ నవ్వుతడు.
నేను చెప్పులేసుకుంట.