మీరేమిట్లు?

నయీంనగర్‌లో కిరాయి గది అడిగితే
తాళంచెవి కొంగుకే ఉంచుకొని అనసూయమ్మ
నా బ్యాగు మీది పేరు చదివింది.
సగం పేరే ఉందక్కడ.
"మీరేమిట్లు?" అంది,
మంచినీళ్లు తాగుతావా అన్నంత మెత్తగా.

పొద్దంతా అదే ప్రశ్న అడగడం నా పని.

కొత్తవాడలో ఓదెలు జంపఖానాల నూలుకు రంగేస్తాడు.
మోచేతుల దాకా ఒకరోజు నీలం, ఒకరోజు చిలకపచ్చ,
శుక్రవారం మాత్రం ఎవరూ పేరు పెట్టని రంగు.
గోలెం కడిగిన నీళ్లు పోయే మోరీలోంచి
చెంచాడు బురద తెచ్చుకున్నాను.
"ఏం జేస్కుంటవు బిడ్డా గిది?"
"ఇందులో ఎవరుంటున్నరో చూద్దామని."
"ఎవలుంటరు, దోమలుంటయ్."

ఎర్రరంగు కలిపి పోసిన జెల్లీ మీద
ఐదోరోజు ఒక చుక్క మొలిచింది.
చుట్టూ ఎరుపు లేదు.
అంతా తినేసి, ఒంటి మీద మరకైనా లేకుండా
గసగస గింజంత, కూర్చుని ఉంది.
మైక్రోస్కోపు కింద కడ్డీలు.
కడ్డీలెన్ని లేవు లోకంలో!
ముఖాన్ని నమ్మకు, అక్షరాల్ని అడుగు, అంటాడు మా సార్.

కణం గోడ పగలగొట్టి
ఓదెలు నూలు కన్నా సన్నని పోగు బయటికి లాగి
ఒక్క జన్యువును కోట్ల ప్రతులు తీసి
హైదరాబాదు పంపితే
కలగాపులగం వచ్చింది, అక్షరం కింద ఇంకో అక్షరం.
ఒకరనుకున్న చోట ఇద్దరున్నారు.
మళ్లీ పళ్లెం, మళ్లీ గీతలు.
కరెంటు పోయిన రాత్రి ఇంక్యుబేటర్‌కు
నుస్రత్ తన హాస్టల్ దుప్పటి కప్పింది.

రెండోసారి శుభ్రంగా వచ్చాయి
వెయ్యిన్నీ నాలుగువందల అరవై రెండు.
ఏ, టీ, జీ, సీ.
ఒత్తుల్లేవు, గుణింతాల్లేవు.

లోకంలో నమోదైన వాళ్లందరి పక్కనా పెట్టి చూశాను.
దగ్గరి చుట్టం కొరియాలో, సముద్రపు బురదలో.
తొంభై ఏడు పాయింట్ నాలుగు.
అన్ని మార్కులొస్తే మా ఇంట్లో పేడాలు పంచేవాళ్లు.
ఇక్కడ దానర్థం పరాయి.
తొంభై ఎనిమిదిన్నర దాటితే గానీ
ఒకే ఇంటివాళ్లేమోనన్న అనుమానమైనా రాదు.
నిండు జన్యురాశి చదివించాం, పోలిక ఎనభై ఒకటి.
తొంభై ఐదన్నా ఉండాలి, పొత్తు కుదరాలంటే.
వంశవృక్షం గీసే ప్రోగ్రాం రాత్రంతా గీసి గీసి
మా చుక్కను ఒంటిరెమ్మ చివర వేలాడదీసింది.

ఎవలోళ్లూ కాదు.

ఎందుకో చెప్పలేను, నా చెంపలు వేడెక్కాయి.

పేరు పెట్టాలి. లాటిన్ తోక ఉండాలి.
సార్ ఓరుగల్లు అన్నాడు, నుస్రత్ రంగుతిండి అంది.
ఓదెలుకు చెబితే చేతులు కడుక్కుంటూనే
"పేరు వెట్టినంక ఇంకో తీరుగ తింటదా?" అన్నాడు.

అప్పటికే మోరీ తవ్వి సిమెంటు బిళ్లలు పరిచారు.
బురదను ట్రాక్టరెక్కించారు.
రెండు నెలలు సందుసందూ వెతికాను.
నాచు దొరికింది. దోమలు దొరికాయి.
ఇప్పుడది మా ఫ్రీజర్ రెండో అరలో ఉంది,
సున్నాకు ఎనభై డిగ్రీల కింద.
ఎండబెట్టి గాజుగొట్టాల్లో మూసి
రెండు దేశాలకు పంపాలి. అది నియమం,
ఎవరడిగినా ఇవ్వడానికి.
ఫారంలో 'ఎక్కడ దొరికింది' గడి రెండంగుళాలు.
కొత్తవాడ, ఓదెలు ఇంటి వెనక, నీలం పారే రోజున...
పట్టలేదు. అక్షాంశం, రేఖాంశం రాశాను.

అనసూయమ్మ ఆదివారాలు
గిన్నెలో పప్పు అందిస్తూ గడప దగ్గరే నిలబడి
"ఇంతకీ నువ్వు చెప్పనే లేదు" అంటుంది.
"ఇంకా తేలలేదమ్మా,
పరీక్షలో ఉంది."
నవ్వుతుంది. మంచి మనిషి.
ఇచ్చిన గిన్నె మాత్రం వాపసు అడగదు.
నా కిటికీ గట్టు మీద అవి
ఇప్పటికి నాలుగు.